పెంకులు తొడిగిన దేవగన్నేరు

పలెర్మో, కల్సా పేట
20 మార్చి 1976

చెల్లెలు ఓలివాకు నీ అక్క నిన్ఫా దీవించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, మీ ఆయన రొజారియో, పిల్లలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఈ రెండు ముక్కలూ లేకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు, అందుకని రాశాను. నిజానికి మూడు వారాలుగా నాకు రొట్టె ముక్క గొంతు దిగడం లేదు. గ్యాసు ఆర్పానో లేదో అని సగం మెట్లు దిగి మళ్లీ ఎక్కుతున్నాను. నా మోకాళ్ల సంగతి నీకు ఎలాగూ అక్కర్లేదు.

ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం నీ మనవరాలి చేత చదివించుకోకు. క్రిస్మస్‌కి రాసిన ఉత్తరంలో ఎగతాళి చేశావుగా, నా రాత కోడి కెలికినట్టు ఉంటుందనీ, లొరెదానా వచ్చి చదివిపెడితే గాని అర్థం కాదనీ. మూడో తరగతిలో బడి మానేసినదాని రాత అలాగే ఉంటుంది. నన్ను మాన్పించి నారింజ పెట్టెలు కట్టే పనికి పంపితేనే నువ్వు ఐదు దాకా చదివావు. అది నీకు గుర్తుండదు. కళ్లజోడు తుడుచుకుని నువ్వే చదువుకో. ఉత్తరం చివర నీ సంతకం ఒకటి అడుగుతాను. అడిగేలోపే నీకు కోపం వస్తుంది. వచ్చినా కాగితం చించకు. ఆ సంతకం ఈస్టర్ లోపు నా చేతికి రాకపోతే ఇక్కడి సర్కారు మొక్కల తోటలో ఒక చెట్టును వేళ్లతో పెకలిస్తారు. దానితోపాటు నా మొగుడు కలోజెరో పేరు కూడా మట్టిలో కలుస్తుంది. నలభై మూడేళ్లు ఆ తోటకు నీళ్లు పోసి, పోయి తొమ్మిదేళ్లయినవాడి పేరు.

ఇక నువ్వు అడిగినవాటికి జవాబులు.

దగ్గు తగ్గలేదు. డాక్టరు ఇచ్చిన మందు తాగితే కడుపులో మంట, తాగకపోతే దగ్గు. మంట కన్నా దగ్గే నయమనిపించి మానేశాను.

అమ్మ ఇల్లున్న జాగా గురించి అడిగావు. అలాగే ఉంది. 1943లో, యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు కూలిన రాళ్లు ఇప్పటికీ ఎవరూ తీయలేదు. పిల్లులు తిరుగుతున్నాయి. అమ్మ దేవగన్నేరు నిలబడ్డ మూల ఇప్పుడు ఎవరో కారు పెట్టుకుంటున్నారు. నేను ఆ వీధి గుండా వెళ్లను.

అమ్మ ఫోటో నా దగ్గర లేదు. వంద సార్లు చెప్పాను. నా దగ్గర ఉంటే మాత్రం నీకెందుకు పంపుతాను?

"మొగుడు పోయాక కూడా రోజూ ఆ తోటకు వెళ్లి కూర్చోవడమేమిటి, ఊళ్లోవాళ్లు నవ్వరా" అని అడిగావు. నవ్వుతారు. నవ్వనీ. ఆ జవాబు కింద వస్తుంది.

చివరన రాసిన ముక్క కూడా చూశాను. ఎన్ని సార్లు చూశానో చెప్పను. "జూన్‌లో లొరెదానా పెళ్లి. మన ఆచారం ప్రకారం పెళ్లికూతురికి దేవగన్నేరు కొమ్మ ఇవ్వాలి. నా దగ్గర ఏముంది ఇవ్వడానికి? ఒక్క కుండీ చూసుకోమంటే దాన్ని చంపినదానివి నువ్వు." ముప్పై ఎనిమిదేళ్లుగా ప్రతి క్రిస్మస్‌కీ, ప్రతి ఈస్టర్‌కీ ఇదే ముక్క. ఉత్తరం మడత విప్పేటప్పుడే నాకు చేతులు చల్లబడతాయి. ఆ చల్లదనం నీకు తగులుతుందేమో అనుకుంటాను. తగలదు. మీ టొరీనోలో ఎటూ మంచే కదా.

సరే, తోట సంగతి.

పాత గాజుగది వెనక, సముద్రం వైపు గోడ పక్కన ఒక దేవగన్నేరు ఉంది. రెండంతస్తుల ఎత్తు. నేను రోజూ కూర్చునేది దాని ఎదురు బల్ల మీదే. చలికాలంలో ఆకులన్నీ రాలి కొమ్మలు వేళ్లలా పైకి చాచుకుని ఉంటాయి. మన బాల్కనీల్లో చేసినట్టే నేను ఆ కొమ్మల కొసలకు గుడ్డు పెంకులు తొడుగుతాను. చేతికందని వాటికి చీల్చిన వెదురు కర్రతో ఎక్కిస్తాను. ఏడాది పొడవునా గుడ్లను సగానికి సమంగా పగలగొట్టి పెంకులు దాచుకుంటాను. కలోజెరో ఉన్నప్పుడు నిచ్చెన వేసి ఆయనే తొడిగేవాడు.

పోయిన సెప్టెంబరులో తోటకు కొత్త అధికారి వచ్చాడు, లొంబార్దీ నుంచి. డాక్టర్ వెర్గానీ. మందులిచ్చే డాక్టరు కాదు, మొక్కల చదువు చదివినవాడు. సన్నగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉంటాడు. వచ్చిన నాటి నుంచి ప్రతి చెట్టు ముందు నిలబడి, చేతిలో మొక్కల రిజిస్టరు పట్టుకుని, పేరు రాసిన రేకు చదివి, పుస్తకం చూసి, మళ్లీ చెట్టు చూస్తాడు. పోలీసులు సంతలో మనుషుల కాగితాలు చూసినట్టు. జనవరిలో నేను కర్రతో పెంకులు ఎక్కిస్తుంటే నా వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఏంటమ్మా ఇది? తోటా, వంటిల్లా?"

"చలి బాబూ. కొసలు మాడిపోతాయి."

"ఇక్కడ దేవగన్నేర్లు పదకొండు ఉన్నాయి. మిగతా పదింటికీ చలి వెయ్యదా?"

కర్ర అలాగే పైకెత్తి పట్టుకుని ఉండిపోయాను. గేటు కాపలా గస్పారె పక్కనే ఉన్నాడు. అడగకపోయినా నోరు పెట్టే మనిషి. "ఆ పదీ పరాయి పిల్లలండీ. ఇదొక్కటే అత్త కడుపున పుట్టింది" అన్నాడు. నాకు పిల్లలు లేరని తెలిసి అన్న మాట. నేను కర్ర వాడి పాదం మీద దించాను. పొరపాటున దించాననుకున్నాడు.

డాక్టరు మాత్రం చెట్టునే చూస్తూ పోయాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. ఆ రోజు నుంచి నిద్ర లేదు.

ఫిబ్రవరి ఆఖరి వారంలో ఆఫీసు గదికి పిలిపించాడు. బల్ల మీద పాత రిజిస్టరు తెరిచి ఉంది. తలకిందులుగా ఉన్నా ఆ రాత ఎవరిదో తెలిసింది. కలోజెరోది. ఒక్కో అక్షరం చిక్కుడు గింజ నాటినట్టు, ఎడం ఎడంగా. కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"1938 మే నెల," అని చదివాడు. "దేవగన్నేరు ఒకటి. తూర్పు దేశాల నుంచి వచ్చిన స్తెల్లా మరీనా అనే ఓడ కెప్టెన్ స్పదారో కానుకగా ఇచ్చినది. ఇది మీ ఆయన రాసిందేనా?"

"ఆయనదే."

"ఓడరేవు ఆఫీసుకు రాసి అడిగానమ్మా. ఆ ఏడాది కాదు, ఏ ఏడాదీ ఆ పేరుగల ఓడ ఈ ఊరికి రాలేదట."

తలుపు దగ్గర నిలబడ్డ గస్పారె గొంతు సవరించుకున్నాడు. "ఓడ కాదండీ, ఆ పేరుతో సార్డిన్ చేపల డబ్బా వచ్చేది. మా అమ్మ కొనేది. మూత మీద ఓడ బొమ్మ ఉండేది."

డాక్టరు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"మీ ఆయన ఈ పుస్తకంలో నూట పన్నెండు మొక్కలు రాశాడు. ఎవరిచ్చారు, ఎక్కడిది, ఎప్పుడు నాటారు అని. ఇది అబద్ధం. మిగతా నూట పదకొండు నిజమని నేనెలా నమ్మాలి? ఒక్కొక్కటీ అనుమానంగానే చూడాలి. అబద్ధాలకోరు రాసిన లెక్కతో తోట నడపలేను."

"మా ఆయన అబద్ధాలాడడు."

"మరి ఈ కెప్టెన్ ఎవరు?"

ఓలివా, నేను ఆ రిజిస్టరు మూసేశాను. అతను మళ్లీ తెరిచాడు.

గోడ సముద్రపు గాలికి ఉబ్బి పగిలిందనీ, కట్టాలంటే చెట్టు అడ్డమనీ, పుట్టుక తెలియని చెట్టు కోసం, అందులోనూ ఊళ్లో ప్రతి బాల్కనీలో ఉండే చెట్టు కోసం, గోడను వంకర కట్టలేననీ చెప్పాడు. ఈస్టర్ అయ్యాక తీయిస్తానన్నాడు. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. పోనిమ్మని అనుకున్నాడో ఏమో, చివరికి ఇంకో మాట అన్నాడు. "అది ఎవరి మొక్కో వాళ్ల చేత రాయించి సంతకంతో కాగితం తెండి. ఎవరిచ్చిన కొమ్మ, ఏ ఇంటిది, ఏ ఏడాది. తప్పు పక్కనే నిజం రాసి పెడతాను. ఒక తప్పు ఎందుకు జరిగిందో తెలిస్తే మిగతావి నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు. ఊళ్లో ఫలానా ఇంటి చెట్టు అని తెలిస్తే గోడ కూడా పక్కకు జరుపుతాను."

అతని మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఉత్తరాది నుంచి నిన్న దిగినవాడు మా ఆయన్ని అబద్ధాలకోరు అనడమా అని. ఇంటికొచ్చి పళ్లెం విసిరికొట్టాను. తర్వాత ముక్కలు ఏరుకుంటూ తెలుసుకున్నాను, అతను అన్నది నిజమే. మా ఆయన అబద్ధం రాశాడు. జీవితంలో అదొక్కటే. రాయించింది నేను.

ఇప్పుడు చదవడం ఆపకు. మంచినీళ్లు తాగి చదువు.

ఆ చెట్టు నీదే.

చచ్చిపోయిందని నేను చెప్పిన నీ దేవగన్నేరే అది. అది చావలేదు. ఒక్క రోజు కూడా వాడిపోలేదు.

ఎందుకు చేశానని అడుగుతావు. నేను కలోజెరోతో వెళ్లిపోయినప్పుడు నీకు పద్నాలుగేళ్లు. అన్నీ చూశావు. అలా రెండు రోజులు వెళ్లిపోయి వచ్చి, తెల్లవారుజామున గుడి పక్క గదిలో పెళ్లి చేసుకున్నవాళ్లు ఈ పేటలో నేనొక్కదాన్నే కాదు. అందరి తల్లులూ ఏడ్చి, తిట్టి, నెల తిరిగేసరికి కొమ్మ విరిచి ఇచ్చారు. మన అమ్మ ఇవ్వలేదు. నేను ఏడాది ఆగి వెళ్లి అడిగాను. తలుపు సగం తెరిచి అంది: "కొమ్మ గుమ్మంలోంచి వెళ్లే కూతురికి ఇస్తారు. నువ్వు గోడ దూకావు." అప్పుడు నువ్వు అమ్మ వెనక నిలబడి ఉన్నావు. నువ్వు నవ్వావని నేను ఇన్నేళ్లూ అనుకుంటున్నాను. నవ్వలేదేమో. నాకు తెలియదు. కాని నవ్వావనే అనుకున్నాను.

నీ పెళ్లికి అమ్మ ఇచ్చిన కొమ్మ నా చెయ్యి పొడవుంది. దాని కొలత నాకు తెలుసు. ముప్పై ఏడులో మీ ఆయనకు టొరీనోలో పని దొరికి మీరు వెళుతూ, ఆ కుండీ నా బాల్కనీలో పెట్టి, "జాగ్రత్తక్కా, రెండేళ్లలో వచ్చేస్తాం" అన్నావు. అప్పటికి అమ్మ పోయి రెండేళ్లు. నేను ఆ మొక్కను నీ కోసమే చూసుకున్నాను. నమ్ము, నమ్మకపో. ఆ ఎండాకాలం అది పూసింది. తెల్లటి పూలు, లోపల పసుపు. సందంతా వాసన. కింద నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు పైకి చూసి, "అయితే మీ అమ్మ నీకూ ఇచ్చిందన్నమాట నిన్ఫా" అన్నారు.

నేను అవునన్నాను.

అంతే. ఒక్క మాట. పదమూడేళ్లు ఆ ఆడవాళ్ల ముందు తల దించుకుని నడిచినదాన్ని, ఆ రోజు తలెత్తి నీళ్లు పట్టుకున్నాను. నన్ను పెళ్లిళ్లకు పిలవడం మొదలుపెట్టారు. బిడ్డ పుడితే పేరు పెట్టే రోజున నా పక్కన కూర్చున్నారు. నీకు నవ్వులాటగా ఉంటుంది. నువ్వు గుమ్మంలోంచి వెళ్లినదానివి.

తరవాతి చలికాలంలో నీ ఉత్తరం వచ్చింది, మే నెలలో వస్తాను, మొక్క తీసుకుపోతాను అని. నువ్వు వచ్చి కుండీ ఎత్తుకుంటే సందులో అందరికీ తెలుస్తుంది, అది నాది కాదని. మూడు రోజులు అన్నం నీళ్లు మానేశాను. చలికి కొసలు మాడి, కాండం కుళ్లి చచ్చిపోయిందని నీకు రాశాను. ఆ ఉత్తరంలో అక్షరాలు బాగా వచ్చాయి, నువ్వు గమనించావో లేదో. నాలుగు సార్లు రాసి చూసుకుని పంపాను మరి.

చచ్చిందని రాశాక దాన్ని ఎక్కడైనా దాచాలి కదా. కలోజెరో కాళ్లు పట్టుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. "తిరిగి ఇచ్చెయ్యి నిన్ఫా, తల వంగితే విరగదు" అన్నాడు. నేను కిటికీ ఎక్కి నిలబడ్డాను. నిజంగా దూకేదాన్ని కాదు. ఆయనకు అది తెలియదు. నువ్వు రావడానికి వారం ముందు, వెలుగు రాకముందే, తోట బండిలో ఆకుల కింద పెట్టి తీసుకుపోయి గోడ పక్కన నాటాడు. నాటి ఇంటికొచ్చి, నా ముందు కూర్చుని, రొట్టెలో సార్డిన్ చేప పెట్టుకుని తింటూ అన్నాడు: "ఎవరిచ్చారని రాయను? పుస్తకంలో రాయకుండా ఆ తోటలో గడ్డి కూడా మొలవదు." నేను ఏదో ఒక ఓడవాడి పేరు రాసెయ్యమన్నాను. "ఓడ పేరు?" అన్నాడు. నేను డబ్బా మూత చూపించాను. స్పదారో అన్నది మన మంగలి ఇంటిపేరు. ఆయనకు అబద్ధం కల్పించడం రాక మొత్తం నన్నే అడిగి రాశాడు. ఆ రొట్టె పూర్తిగా తినలేదు. చచ్చేదాకా మళ్లీ ఆ చేప ముట్టలేదు.

నువ్వు వచ్చావు. ఖాళీ కుండీ చూపించాను. మట్టి మీద గుడ్డు పెంకులు పడి ఉన్నాయి. ఆ పెంకులు ఆ పొద్దున్న నేనే పగలగొట్టి వేశాను, ఓలివా. నువ్వు కుండీ ముందు కూర్చుని అడిగావు.

"పెంకులు తొడిగావా అక్కా?"

"తొడిగాను."

"అన్ని కొసలకీ?"

"అన్ని కొసలకీ."

"అయితే చలి కాదు. నీ దిష్టే కొట్టింది" అన్నావు.

ఆ ఖాళీ కుండీని గుడ్డలో చుట్టి, రైల్లో ఒడిలో పెట్టుకుని తీసుకుపోయావు. ఆ తరవాత నువ్వు నన్ను అక్కా అని పిలవలేదు. ఉత్తరాల్లో కూడా "నిన్ఫాకు" అనే రాస్తున్నావు. నిజం చెబుతాను, నువ్వు దిష్టి అన్నందుకే నేను ముప్పై ఎనిమిదేళ్లు నోరు మూసుకున్నాను. నువ్వు ఏడ్చి ఉంటే ఆ రోజే చెప్పేదాన్నేమో. తిట్టావు. తిట్టాక ఇక చెప్పబుద్ధి కాలేదు. తరవాత బాంబులు పడి అమ్మ చెట్టూ పోయింది. అమ్మది ఈ లోకంలో మిగిలింది తోటలోని ఆ ఒక్కటే అని తెలిసి కూడా చెప్పలేదు. ఒక్కో క్రిస్మస్‌కీ చెప్పడం ఇంకా కష్టమైంది. నువ్వు ఆ ముక్క రాసిన ప్రతిసారీ నేను ఉత్తరం మడిచి తోటకు వెళ్లి దాని ఎదురుగా కూర్చునేదాన్ని. రోజూ అక్కడ ఎందుకు కూర్చుంటావని అడిగావుగా. జవాబు ఇదే. నీ మొక్కను చూసుకుంటున్నాను. చూసుకోమన్నావు కాబట్టి.

ఇప్పుడు సంతకం సంగతి. విడి కాగితం మీద ఇలా రాయి: నా పెళ్లికి, 1934లో, కల్సా పేటలోని మా ఇంటి దేవగన్నేరు నుంచి మా అమ్మ విరిచి ఇచ్చిన కొమ్మ ఇది, దీన్ని నా ఇష్టంతో తోటకు ఇస్తున్నాను, అని. కింద పుట్టింటి పేరుతో సంతకం పెట్టు. "నా ఇష్టంతో" అన్న మాట దగ్గర నీ కలం ఆగుతుందని తెలుసు. ఆగితే ఆ మాట కొట్టెయ్యి. మా అక్క దొంగ, ఎత్తుకుపోయి దాచింది అని రాయి. అది నేనే డాక్టరు చేతికిస్తాను, గస్పారె చదివినా సరే, సందంతా చదివినా సరే. తల దించుకుని నడవడం నాకు అలవాటే. కలోజెరో దొంగ అని మాత్రం రాయకు. ఆ డాక్టరుకు నేనే చెప్పి ఉండొచ్చు, నిజమే. కాని అతను అడిగింది మొక్క ఎవరిదో వాళ్ల సంతకం. నాది కాదు. అది నాది కాదని అమ్మ కూడా చెప్పింది కదా.

ఇంకొకటి చేశాను. మొన్న పునీత జోజప్ప పండగ ముందురోజు, సందుల్లో పాత కుర్చీలూ పెట్టెలూ మంటలకు పోగేస్తుంటే, కూరగాయల కత్తి శాలువాలో పెట్టుకుని తోటకు వెళ్లాను. కలోజెరో నలభై మూడేళ్లలో ఆ తోట నుంచి ఒక ఆకు కూడా ఇంటికి తేలేదు. జేబులో పొరపాటున విత్తనం ఉండిపోతే భోజనం వదిలి వెనక్కి వెళ్లి పెట్టి వచ్చేవాడు. నేను కొమ్మ కోశాను. నా చెయ్యి పొడవు. శాలువా కింద దాచి గేటు దాకా వచ్చేసరికి గస్పారె అడ్డం నిలబడ్డాడు.

"అత్తా, ఒళ్లో ఏంటి?"

"శాలువా."

"శాలువా పాలిస్తోందే."

చూసుకుంటే నల్ల గౌను మీద మోకాలి దాకా తెల్లటి చారలు. కోసిన చోట నుంచి పాలు కారుతున్నాయి.

"డెబ్బై రెండేళ్లకు పాలు పడ్డాయా? గుళ్లో ఫాదర్‌కి చెప్పాల్సిందే ఈ మహిమ."

"నోరు మూసుకుని దారి వదులు."

"డాక్టరు చూస్తే నా ఉద్యోగం పోతుంది."

"పోనీ. ఎవడు ఏడుస్తాడు?"

వాడు ఆఫీసు కిటికీ వైపు చూశాడు. నా గౌను వైపు చూశాడు. తరవాత నాకు వీపు తిప్పి, వంగి, బూటు తాడు విప్పి మళ్లీ కట్టుకోవడం మొదలుపెట్టాడు. "వచ్చే ఏడు కింద రాలే పెంకులు కూడా నువ్వే ఏరుకో. నా నడుం పడిపోయింది ఏరలేక" అన్నాడు, కింద నుంచే. వచ్చే ఏడు అన్నాడు. చెట్టు ఉంటుందని వాడికెవరు చెప్పారో.

ఆ కొమ్మను నీకు పార్సిల్ చేస్తున్నాను. నువ్వు సంతకం పెట్టినా పెట్టకపోయినా అది నీదే. లొరెదానాకు ఇస్తావో, పొయ్యిలో పెడతావో నీ ఇష్టం. ఇచ్చేట్టయితే గుమ్మంలో నిలబెట్టి ఇవ్వు. ఒకవేళ ఆ పిల్ల గోడ దూకినా ఇవ్వు.

కోసిన చోట పదిహేను రోజులు ఆరనివ్వు, పాలు గట్టిపడాలి. అప్పుడు నాటు. నీళ్లు ఎక్కువ పొయ్యకు, కుళ్లుతుంది. కుండీ కొనక్కర్లేదు, నీ దగ్గర ఉందిగా. చలికాలం వంటింట్లో పెట్టుకో, మీ మంచుకు పెంకు ఒక్కటే చాలదు. ప్రస్తుతానికి కొసకు పెంకు తొడిగి, చుట్టూ దూది పెట్టి, దారంతో కట్టాను. అది నిన్న పండగ పిండికి పగలగొట్టిన గుడ్డు. పెట్టె మీద నాలుగు వైపులా "పైకి" అని రాశాను. అయినా తపాలావాళ్లు తలకిందులుగానే పెడతారు. ఈ ఉత్తరం కన్నా పార్సిల్ ముందొస్తే ఏమిటో తెలియక పారేస్తావేమోనని భయంగా ఉంది. పారెయ్యకు. ఉత్తరం ముందొచ్చి, కోపంలో పార్సిల్ వెనక్కి పంపేస్తావేమోనని కూడా భయమే. దానికి నేను చెయ్యగలిగింది లేదు.

క్షమించమని అడగడం లేదు. నువ్వు క్షమిస్తే నాకు ఇంకా కోపం వస్తుంది.

ఒక్కటే అడుగుతున్నాను. కాగితం ముందే పంపినా, తరవాత కొమ్మ చిగురు వేసిందో లేదో ఇంకో ఉత్తరం రాయి. ఒకవేళ చచ్చిపోతే మాత్రం నాకు చెప్పకు. బతికున్నదాన్ని నేను చచ్చిందని రాశాను కదా. అది చచ్చినా నువ్వు బతికిందని రాయి. అక్షరాలు బాగా కుదిరేదాకా నాలుగు సార్లు రాసి చూసుకుని పంపు, నేను కనిపెట్టకుండా.

ఇట్లు,
నువ్వు అలా పిలవడం మానేసినా
నీ అక్క
నిన్ఫా